గుమ్మం ముందు నావ

నీళ్ళలో నావ ఇరుక్కుంటే తియ్యడం పెదబాబుకి కొత్త కాదు. బురదలో దిగబడినా, వంతెన స్తంభానికి అడ్డం పడినా వాడికి ఏదో ఒక దారి తోచేది. కానీ పట్టపగలు, నడివీధిలో, మ్యూజియం గుమ్మంలో ఇరుక్కున్న నావని ఏం చెయ్యాలో వాడికి బోధపడలేదు.

"ముక్కు దూరింది గానీ పొట్ట దూరట్లేదు వదినా" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"ఒరగదొయ్యండి."

"ఒరగదోసి కూడా సూశాం. ఎటు తిప్పినా అంతే."

అమ్మణ్ణి నెత్తిన చేపల గంప ఇంకా అలాగే ఉంది. పొద్దున్నించీ పాలమూడి వీధులన్నీ తిరిగి అమ్మగా మిగిలిన గొరకలు అందులో ఉన్నాయి. రేవులోంచి నావ బయల్దేరిందని వినగానే, గంప ఇంట్లో దించడానికైనా ఆగకుండా ట్రాక్టరు వెనకాలే నడిచి వచ్చేసింది. మొగుడు పోయిన మనిషి, మొగుడి నావ. దాన్ని ఒంటరిగా ఎలా పంపిస్తుంది?

రేవు మనుషులు తలో చెయ్యీ వేసి నావని వెనక్కి లాగి ఇసక బస్తాల మీద కూర్చోబెట్టారు. సంగతేంటో తనే చూసుకుందామని అమ్మణ్ణి గుమ్మంలో అడుగు పెట్టింది. గంప అంచు పైచెక్కకి ఠపీమని తగిలింది. రెండు గొరకలు జారి, కొత్తగా చేసిన నేల మీద పడ్డాయి. అమ్మణ్ణి గంప దించి, చేపలు ఏరుకుని, ఆ గుమ్మాన్ని కిందనించి పైదాకా ఓసారి చూసింది.

చూడదగ్గ గుమ్మమే. నల్లగా నిగనిగలాడే టేకు. రెండు పక్కలా చిలకలు, పైన తామరపూల మధ్య లక్ష్మీదేవి, పసుపూ కుంకుమబొట్లూ. జగన్నాథరావుగారి తాతగారి మండువా లోగిలి పడగొట్టినప్పుడు మిగిలిన గుమ్మం అది. ఈ మ్యూజియం ఉన్న గోడౌను కూడా ఆయనదే. కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. ఒకప్పుడు ధాన్యం లారీ వెనక్కొచ్చి లోపల నిలబడేంత వాకిలి ఉండేది దానికి. దాన్ని ఇటకలతో మూయించి, నట్టనడుమ తాతగారి గుమ్మం నిలబెట్టించారు. మూఢం వచ్చేస్తోంది, ఈలోపే ఎత్తాలని తొందర. తిథి చూశారు, వారం చూశారు, నక్షత్రం చూశారు. లోపలికి రావలసిన నావకి టేపు పెట్టి చూడాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

"ఇప్పుడేం చేద్దామండీ టీచరుగారూ?" అంది అమ్మణ్ణి.

సత్యవాణి టీచరు గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఈ మ్యూజియం ఆలోచన ఆవిడది. ఇల్లిల్లూ తిరిగి రోళ్ళూ, కుంచాలూ, కాడీ మేడీ అడిగి తెచ్చింది ఆవిడ. చేప ముట్టని ఇంటి మనిషయ్యుండీ, రేవులో చేపల బుట్టల మధ్య ముక్కు మూసుకోకుండా నిలబడి అమ్మణ్ణిని నావ అడిగింది. ఆ ముక్కు మూసుకోకపోవడం చూసే అమ్మణ్ణి ఇస్తానంది. ఇచ్చేముందు ఒకే ఒక్క మాట అడిగింది: ఉన్నది ఉన్నట్టే ఉంటుందా? ఉన్నది ఉన్నట్టే ఉంటుందని టీచరు చెప్పింది.

"చూద్దాం అమ్మణ్ణీ. రావుగారు వస్తున్నారుగా" అంది ఇప్పుడు.

జగన్నాథరావుగారు కారు దిగారు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నావ చుట్టూ ఒకసారి తిరిగారు. వేలితో చెక్క మీద తట్టారు. వేలు వాసన చూసుకుని జేబురుమాలుతో తుడుచుకున్నారు.

"ఏముందండీ ఇందులో ఆలోచించడానికి? మధ్యకి కోయించేద్దాం. రెండు ముక్కలూ లోపల పెట్టి బోల్టులు బిగించి, పైన రంగేస్తే ఎవడికి తెలుస్తుంది?"

రేవు మనుషులు అమ్మణ్ణి వంక చూశారు. పెదబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. వదిన నోటి సంగతి వాడికి తెలుసు.

"ఏంటండీ బాబుగారూ, కోయిస్తారా?" అంది అమ్మణ్ణి.

"మరి పట్టట్లేదు కదమ్మా."

"పట్టకపోతే గుమ్మం తియ్యండి."

జగన్నాథరావుగారు నవ్వారు. చిన్నపిల్లలు ఏదో అంటే నవ్వినట్టు నవ్వారు. "ఎత్తిన గుమ్మం కదుపుతారా ఎవరైనా? అందులోనూ మూడు తరాల గుమ్మం. లక్ష్మీదేవమ్మా అది."

"మాది మాత్రం ఏంటండి? మా అత్త పేరు పెట్టుకున్నాం. లోవలచ్మి. సదవండి, ముక్కు మీద రాసుంది. ఏటా పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలో దింపేవోళ్ళం. మీ కర్రకి పసుపు రాత్తే లచ్మీదేవీ, మా కర్రకి రాత్తే వంటచెరుకూనా?"

"అబ్బే, పాతబడిపోయింది కదా..."

"నావని కొయ్యరండి బాబుగారూ. ముసిలిదైతే మేకులు ఊడదీసి సెక్కకి సెక్క ఇప్పుతారు. ఇప్పేముందు ఆ ఇంటి ఆడది ముక్కు మీద నీళ్ళు పోసి, పేరెట్టి పిలిసి, ఎళ్ళిరా తల్లీ అని సెలవిత్తాది. అట్టా ఇప్పిన నావని మళ్ళీ కట్టరు. మా ఆయన పోయినప్పుడు దీన్నీ ఇప్పెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. మీరొచ్చి రంపం ఎడతానంటే ఒప్పుకుంటానా? ఇంకా నయం!"

జగన్నాథరావుగారి నవ్వు పోయింది. "ఇదిగో అమ్మణ్ణీ, ఆదివారం కలెక్టరుగారొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. గుమ్మానికి అడ్డంగా ఈ కళేబరం ఉండడానికి వీల్లేదు. ఇస్తానన్నావు, ఇచ్చేశావు. ఇంక అది మ్యూజియంది. సత్యవాణిగారూ, వీరబ్రహ్మానికి కబురు పెట్టండి."

కళేబరం అన్న మాట అమ్మణ్ణి చెవిలో గుచ్చుకుంది. ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆవిడ నోట మాట రాలేదు. ఆవిడ నోట మాట రాకపోవడం పెదబాబు అన్నయ్య పోయిన రోజు తరవాత ఇదే చూడ్డం.

"ఏం సేద్దాం వదినా? తిరిగి రేవుకి తోలుకుపోదామా?"

"ఎందుకూ? ఇక్కడికి రమ్మన్నారు, వచ్చింది. లోనకి రానిచ్చేదాకా ఇక్కడే ఉంటాది" అంది అమ్మణ్ణి. గంప ఎత్తి నావలో పెట్టి, కొంగు బిగించి, తనూ ఎక్కి కూచుంది.

*

మర్నాడు పొద్దున్న పాలమూడి మెయిన్ రోడ్డు మీద నడిచినవాళ్ళు ఒక వింత చూశారు. మ్యూజియం గుమ్మం ముందు నావ. నావలో అమ్మణ్ణి. ఆవిడ ముందు కత్తిపీట, పక్కన తక్కెడ, నావ అడుగున తడిగోనె మీద వరసగా పండుగొప్పలు, మట్టగిడసలు, బతికి కొట్టుకుంటున్న జెల్లలు.

"రండమ్మా రండి! సముద్రం సేపలు కాదు, గోదారియి. నావలోంచి దింపకుండా అమ్ముతున్నా, ఇంతకన్నా తాజా ఎక్కడ దొరుకుద్ది?"

జనం మూగారు. కొనేవాళ్ళు కొందరు, నవ్వేవాళ్ళు కొందరు, ఫోన్లో వీడియో తీసేవాళ్ళు మరికొందరు. అమ్మణ్ణి ఎవర్నీ కాదనలేదు. మట్టగిడస జారకుండా తలమీద బూడిద రాసి పట్టుకుని, ఒక్క గీతలో పొట్ట చీల్చి, పొలుసు గీస్తూ, వచ్చినవాళ్ళకి నావ చూపించింది. ఇదిగో ఇక్కడ మా ఆయన కూచునేవోడు. ఇదిగో ఈ బల్ల మీద తెడ్డు రాసి రాసి ఈ గుంట పడింది, చెయ్యెట్టి చూడండి. ఈ నల్లటి మచ్చ కుంపటిది. తుపాను రోజు లంకలో చిక్కడిపోతే ఇందులోనే అన్నం వండుకున్నాం.

చూసినవాళ్ళు నిజంగానే ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశారు. బడికి వెళ్ళే ఆడపిల్లలు పుస్తకాల సంచులు దించుకుని వంతులవారీగా నావ ఎక్కి దిగారు. "మ్యూజియం తెరిచేశారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. "బయటిది తెరిసేశామండి. లోపలిది ఆదివారం" అంది అమ్మణ్ణి.

పొలుసులు గుమ్మం మెట్ల దాకా ఎగిరి పడ్డాయి. నీచునీళ్ళు కారి కాలవలా రోడ్డుకి దిగాయి. కాకులు వచ్చి గుమ్మం మీది చిలకల నెత్తిన వాలాయి. పదింటికల్లా జగన్నాథరావుగారి మనిషి వచ్చి నానా యాగీ చేశాడు. అమ్మణ్ణి మూతి తిప్పి, "మ్యూజియంలో పల్లె బతుకు సూపిత్తామని బోర్డు ఎట్టారుగా. సూత్తున్నారు. కంపు కొడితే అదీ పల్లె బతుకే" అంది. వాడు ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత వడ్రంగి వీరబ్రహ్మం వచ్చాడు, సంచిలో రంపంతో. నావని చూడగానే చెప్పులు విప్పాడు. అది అలవాటు కొద్దీ చేసిన పని. ఈ నావకి ఏటా చీలికలు పూడ్చింది ఆయనే. చెప్పులు విప్పాక, ఎందుకు వచ్చాడో గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"రండి ఆచారిగారూ. ఎక్కణ్ణించి మొదలెడతారు? నన్ను కలిపి కోత్తారా, నేను దిగాలా?"

"నన్నెందుకు ఆడిపోసుకుంటావమ్మా? ఆ గుమ్మం ఎత్తిందీ నేనే. ఈ నావకి సాయం పట్టిందీ నేనే. రెండిటికీ చేతులెత్తి మొక్కినవాణ్ణి. ఏది కొయ్యమన్నా నా చెయ్యి ఆడదు."

"ఆ మాట ఆయనతో సెప్పండి."

వీరబ్రహ్మం కాసేపు మెడ గోక్కున్నాడు. తరవాత ఫోన్ తీసి, అందరూ వింటుండగానే జగన్నాథరావుగారికి చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పడానికి ధైర్యం చాలక, "మణికట్టు పట్టేసిందండి, రంపం పట్టలేకపోతున్నానండి, ఆయ్" అన్నాడు. అటునించి ఏవో గట్టిగా వినిపించాయి. ఫోన్ పెట్టేసి అమ్మణ్ణి వంక చూశాడు.

"నరసాపురం నించి మిషను రంపంవాణ్ణి పిలిపిస్తారంట. శనివారం సాయంత్రం వస్తాడంట. వాడికి నువ్వెవరో నావెవరో తెలీదు. అయిదు నిమిషాల్లో కోసి పారేస్తాడు."

అమ్మణ్ణి చేతిలో చేప కత్తిపీట మీద ఆగింది. తరవాత మళ్ళీ పొలుసు గియ్యడం మొదలుపెట్టింది గానీ, ఆ పూట ఇంకెవరితోనూ వేళాకోళం ఆడలేదు.

*

సత్యవాణి టీచరు శుక్రవారం బేరాలన్నీ అయ్యాక వచ్చింది. రెండు రోజులుగా ఆవిడ నావ ముందునించి కాకుండా పక్క సందులోంచి వచ్చి, గోడ వారగా మ్యూజియంలోకి వెళ్తోందని అమ్మణ్ణి గమనిస్తూనే ఉంది.

"దారి మరిసిపోయారేమో అనుకున్నానండీ" అంది.

"నీ మొహం చూడ్డానికి మొహం చెల్లక రాలేదు అమ్మణ్ణీ."

ఎత్తిపొడుపుకి ఎదురు జవాబు వస్తుందనుకున్న అమ్మణ్ణికి ఈ మాటతో కోపం సగం జారిపోయింది. జరిగి, బల్ల మీద చోటు చూపించింది. టీచరు పొలుసుల్ని చూసింది, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుంది, ఎక్కి కూచుంది.

"గోడౌను ఆయనది" అంది టీచరు. "రేపు కాదు పొమ్మంటే నేను పోగుచేసినవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? ఎన్ని ఆఫీసులు తిరిగానో, ఎంతమందికి దణ్ణాలు పెట్టానో నీకు తెలీదు. పడ్డ పాటంతా గంగలో కలిసిపోతుంది."

"అంటే మీ మ్యూజియం నిలబడాలంటే నా నావ పోవాలా?"

టీచరు చీరకి అంటుకున్న పొలుసు ఒకటి గిల్లి పారేసింది.

"సరే, లోన ఏం ఎట్టారో సూపించండి. ఇంతవరకూ నేను సూడనే లేదు."

ఇద్దరూ దిగి లోపలికి వెళ్ళారు. చల్లగా, సున్నం వాసన వేస్తోంది లోపల. గోడ పొడుగునా పల్లకీ, కాడీ, ఏతం, గాదె, ఇత్తడి గంగాళాలు, ఆవకాయ జాడీలు. ఒక్కో దాని పక్కన ఇచ్చినవారి పేరు. అమ్మణ్ణి ఒక్కొక్కటీ ఆగి ఆగి చూసింది. కుంచంలో చెయ్యిపెట్టి తిప్పింది. రోకలి ఎత్తి బరువు చూసింది. చివర ఒక మూల ఖాళీగా, నేల మీద ముగ్గుపిండితో గీసిన పెద్ద నావ ఆకారం ఉంది. దాని వెనక గోడకి ఫ్లెక్సీ. అందులో ఎవరో జాలరి వల విసురుతున్నాడు. ఈ దేశం వాడిలా కూడా లేడు.

"మేం ఇదేనా?" అంది అమ్మణ్ణి.

"నావ వస్తుందని చోటు ఉంచాను. కొలత వేసి గీశాను."

"ఇక్కడ కొలత ఏశారు, గుమ్మం కాడ ఎయ్యలేదు."

"గుమ్మం సంగతి నన్నడిగారా ఎవరైనా? ముహూర్తం పెట్టాం, కొబ్బరికాయ కొట్టడానికి రండి అన్నారు. వెళ్ళాను. కొట్టాను." టీచరు గొంతు పెరిగింది. ఆవిడ గొంతు పెరగడం అమ్మణ్ణి ఎప్పుడూ వినలేదు.

"అడక్కపోతే మీరు సెప్పకూడదా? రేపు రెండు ముక్కల నావకి బోల్టులేసి, పిల్లల్ని తీసుకొచ్చి, ఇదీ గోదారోళ్ళ బతుకు అని సెప్తారు కదా. అప్పుడు ఎవరో పిల్ల అడుగుతాది, మధ్యలో ఈ బోల్టులేంటి టీచర్ అని. ఏం సెప్తారు?"

సత్యవాణి టీచరు ముగ్గు గీత మీద నిలబడి, చెప్పు అంచుతో దాన్ని చెరపకుండా జాగ్రత్తగా ఒక అడుగు పక్కకి వేసింది. ముప్పై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పిన మనిషి ఆవిడ. ఇంతకాలం ఎవరేమన్నా చూద్దామండి, చూద్దామండి అంటూ వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. బొడ్లో దోపుకున్న తాళం చెవి తీసి చూసుకుంది.

"రేపు మధ్యాహ్నం రావుగారు రాజమండ్రి వెళ్తున్నారు, శిలాఫలకం తేవడానికి. చీకటి పడితే గానీ రారు. తాళం నా దగ్గరే ఉంటుంది" అంది.

అమ్మణ్ణి ఆవిడ మొహంలోకి చూసింది. "మీరేం అంటున్నారో మీకు తెలుసా?"

"తెలుసు. వీరబ్రహ్మంగారిని కూడా రమ్మను. మణికట్టు నొప్పికి మందు నేనిస్తానని చెప్పు."

*

శనివారం భోజనాల వేళ దాటాక రేవులో ఉన్నవాళ్ళంతా వచ్చారు. మోకులు తెచ్చారు, గడ్డపలుగులు తెచ్చారు, నావ దొర్లించడానికి గుండ్రటి సరుగుడు దుంగలు తెచ్చారు. వీరబ్రహ్మం గోడని తట్టి చూసి లెక్క చెప్పాడు. పైన పాతకాలపు ఇనప గడ్డరు ఉంది, కాబట్టి కింది ఇటకలు తీసినా పై గోడకి భయం లేదు. చిక్కంతా గుమ్మంతోనే. పైచెక్క రెండు కొసలూ, కింది గడప రెండు కొసలూ గోడలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. ఆ నాలుగు కొసలూ కోసేస్తే గుమ్మం అట్టముక్కలా ఊడొచ్చేస్తుంది. కొయ్యకుండా రావాలంటే చుట్టూ ఇటకకి ఇటక విప్పుకుంటూ పోవాలి.

"అంత టైమెక్కడుంది?" అన్నాడు పెదబాబు. వాడే వీరబ్రహ్మం సంచిలోంచి రంపం లాక్కుని, మెట్టెక్కి, పైచెక్క కొస గోడలోకి దిగేచోట ఆనించాడు. "మన నావని నడుంకాడికి కొయ్యమన్నోడి గుమ్మం ఇది. నాలుగు ముక్కలు పోతే ఏం పోయిందంట?"

రేవు మనుషుల్లో ఎవరో ఈల వేశారు. కొయ్యరా, కొయ్యి అన్నారు. అమ్మణ్ణికి కూడా ఒక్క క్షణం ఒళ్ళంతా అదే అరిచింది. ఆ నల్లటి టేకులో రంపం దిగే చప్పుడు వినాలని, మర్నాడు ఆయన మొహం చూడాలని, కళేబరం అన్న నోటితో ఆయన ఏమంటాడో వినాలని ఎంత కోరిక పుట్టిందో చెప్పలేం. పెదబాబు రంపం ఒక లాగు లాగాడు. సన్నటి ఎర్రపొడి రాలింది.

"ఆపు!" అంది.

"ఏంటి వదినా?"

"ఆపమన్నానా! దిగు కిందికి. నావని కొయ్యద్దని మూడు రోజులు ఈదిలో కూచుని అరిసింది నేనే కదా. ఇయ్యాల నేనే నిలబడి గుమ్మం కోయిత్తే, ఇంక నేను అరిసింది దేనికి? ఆడి బుద్ధి మనకెందుకు? ఇటకలు ఇప్పండి."

"మిషనోడు వచ్చేత్తాడే!"

"వత్తే రానీ. గబగబా ఇప్పండి."

పసుపూ కుంకుమా టీచరు తెచ్చింది. అమ్మణ్ణి చెంబుతో నీళ్ళు తెచ్చి గడప కడిగి, తను నావకి పెట్టే పద్ధతిలోనే అరచెయ్యంతా పసుపు పులిమి, బొట్లు పెట్టింది. "కాస్త జరుగు తల్లీ. నిన్నేం సెయ్యంలే. మా అత్త బయట ఎండలో ఉంది, దాన్ని లోనకి రానీ" అంది. నవ్వబోయినవాళ్ళు ఆవిడ మొహం చూసి ఊరుకున్నారు.

తరవాత ఇంక మాటల్లేవు. వీరబ్రహ్మం ఉలితో సిమెంటు గీత వెంబడి కొట్టడం, పెదబాబు పలుగు దూర్చి ఇటక కదిలించడం, అమ్మణ్ణి అందుకుని వెనక్కి ఇవ్వడం. సత్యవాణి టీచరు కొంగు దోపుకుని ఆ వరసలో నిలబడింది. చేతులు కొట్టుకుపోయాయి ఆవిడకి. ఒకరు తప్పుకోమన్నా తప్పుకోలేదు. పై ఇటకలు వచ్చేటప్పుడు గుమ్మం ఒక పక్కకి ఒరిగింది. నలుగురు మగాళ్ళు భుజాలు ఆనించి దాన్ని పట్టుకుని, "నెమ్మది, నెమ్మది" అని తమకి తామే చెప్పుకుంటూ, తడిగోనెల మీదికి దింపారు. తలుపులతో సహా, చిలకలతో సహా, గోడలోకి దిగిన నాలుగు కొసలతో సహా. ఒక కొస మీద రంపం గీత ఒక్కటి గోటి మందాన పడింది, అంతే. దాన్ని లోపలికి మోసుకెళ్ళి, పల్లకీ పక్కన గోడకి ఆనించి నిలబెట్టారు.

వాకిలి మళ్ళీ లారీ పట్టేంత అయింది. నావ కింద దుంగలు వేశారు, మోకు కట్టారు. హైలెస్సా అని పెదబాబు ఎత్తుకుంటే హైలెస్సా అని అందరూ అందుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు స్కూటర్లు ఆపి మోకు పట్టుకున్నారు. లోవలక్ష్మి ఎవరికీ తగలకుండా, ముక్కు ముందుగా, పొట్ట వెనకగా లోపలికి నడిచి, ముగ్గు గీతలో సరిగ్గా సర్దుకు కూచుంది. అమ్మణ్ణి దాని ముక్కు మీద చెయ్యి వేసి ఏడ్చేసింది. ఎవరేమనుకుంటారోనని చూడకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం మిషను రంపంవాడు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. "ఏదో కొయ్యాలన్నారండి?"

"కొయ్యడానికేం లేదు నాయనా. టీ తాగి వెళ్ళు" అంది సత్యవాణి టీచరు.

*

ఆదివారం పొద్దున్నే జగన్నాథరావుగారు పట్టుపంచెలో దిగారు. వాకిలి చూసి మెట్ల దగ్గరే ఆగిపోయారు. వాకిట్లో ఇటకలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. లోపల అప్పటికే జనం. బడిపిల్లలు, రేవు ఆడాళ్ళు, వీధిలోవాళ్ళు నావ చుట్టూ మూగి ఉన్నారు.

"గుమ్మం ఏదీ?" అన్నారు. ఆ గొంతు పెద్దగా లేదు. పెద్దగా అరిస్తే బావుండునని అక్కడున్నవాళ్ళకి అనిపించింది.

"లోపలుందండి" అంది అమ్మణ్ణి ముందుకొచ్చి. "నేనే తీయించాను. సూస్కోండి. ఒక్క చిలక ముక్కు ఊడినా, నా నావ మీరే కోసుకోండి."

"తీయించింది నేనండి" అంది సత్యవాణి టీచరు. "తాళం నాది."

"ఎవరి గోడౌను? ఎవర్ని అడిగి తీశారు? కలెక్టరుగారు ఇంకాసేపట్లో వస్తుంటే, వాకిలి పగలగొట్టి... ఏదీ, ఆ తాళం ఇటివ్వండి. ఈ ప్రారంభం లేదు, ఏమీ లేదు. తాళం వేసి పొండి అందరూ!"

టీచరు బొడ్లోంచి తాళం చెవి తీసి, ఆయన అరచేతిలో పెట్టింది. వేళ్ళ నిండా గాయాలూ, పసుపు పట్టీలూ ఉన్నాయి ఆవిడకి.

"తీసుకోండి. కానీ వెయ్యడానికి తలుపు లేదండి."

పిల్లలు ముందు నవ్వారు. తరవాత రేవు ఆడాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. జగన్నాథరావుగారి మొహం జేవురించింది. ఆయన ఎవరివంకా చూడకుండా జనంలోంచి దారి చేసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. వంగి గడప చూశారు. చిలకల్ని ఒక్కొక్కదాన్నీ తడిమారు. గోడలో ఉండి ఎప్పుడూ కనపడని కొసల్ని పట్టుకు చూశారు. రంపం గీత దగ్గర వేలు ఆగింది.

"మొదలెట్టి ఆపేశారా?"

"ఆపేశామండి" అంది అమ్మణ్ణి.

"ఎందుకు?"

"మేం కొయ్యమండి. అంతే."

ఆయన వేళ్ళకి పసుపు అంటుకుంది. జేబురుమాలు తీశారు. దాన్ని అలాగే చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తరవాత వేళ్ళు తుడుచుకోకుండానే దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"బ్రహ్మం" అన్నారు. "ఎడంపక్కకి ఒరిగింది. సరిగ్గా నిలబెట్టించు. జనం చూస్తారు."

వీరబ్రహ్మం మణికట్టు మాట మరిచిపోయి ఒక్క ఉదుటున వెళ్ళాడు. తాళం చెవి ఎక్కడ పెట్టాలో తెలీక జగన్నాథరావుగారు చేతిలోనే పట్టుకుని ఉండగా, రోడ్డు మీద కలెక్టరు కారు హారన్ వినిపించింది. రిబ్బను ఎక్కడ కట్టాలని ఎవరో కంగారుగా అడిగారు. అంత వాకిలికి సరిపడే రిబ్బను ఊళ్ళో లేదు.

అమ్మణ్ణి మెట్లు దిగి, గోడ వార పెట్టుకున్న గంప దగ్గరికి వెళ్ళింది. పొద్దున రేవులో ఎత్తిన చేపలు అందులో ఉన్నాయి. ఆదివారం బేరం ఎవరి కోసమూ ఆగదు. గుడ్డచుట్ట నెత్తిన పెట్టుకుని, మోకాలి మీద ఒక ఊపు, భుజం మీద ఒక ఊపు ఇచ్చి గంప పైకెత్తుకుంది. సూటుబూట్లలో ఉన్న కుర్రాడొకడు అడ్డం వచ్చి, "గంప బయట పెట్టమ్మా, పెద్దవాళ్ళొస్తున్నారు" అన్నాడు.

"వత్తే రానీ బాబూ, బోలెడంత వాకిలుంది" అంది. నెత్తిన గంప, మెడ నిటారుగా, ఎక్కడా వంగకుండా లోపలికి నడిచింది. "జరగండి జరగండి, నీళ్ళు కారతాయి."